ఉత్తరం పక్కకు దించిన ట్రాలీ

చచ్చినవాడి ట్రాలీ పట్టాలకు ఉత్తరం పక్క నిలబడి ఉంది.

లైను పనివాళ్ళు పట్టాల మీద తిరిగే ఆ చిన్న మోటారు బండి చుట్టూ క్లెమ్ హార్కిన్ రెండోసారి తిరిగాడు. రైల్వేవాళ్ళు జీతమిచ్చి పెట్టుకున్న విచారణాధికారి అతను. పోర్ట్ అగస్టాలో ఒక అద్దె గది, ఒక ఇనప మంచం, గోడకు తగిలించిన రెండు చొక్కాలు, అదీ అతని సంసారం. ఈ లైను మీద ఎవడు చచ్చినా అతన్నే సరుకుల రైలెక్కించి పంపుతారు. పైఅధికారులకు ఈ నలర్‌బార్ ఎడారి ఎండలో కాలు పెట్టే ఖర్మ పట్టలేదు.

ట్రాలీకి దెబ్బ తగల్లేదు. పట్టాల మీంచి ఎవరూ తోసెయ్యలేదు. ఒక కొస ఎత్తి, తిప్పి, దించడానికి వేసి ఉంచిన పాత స్లీపరు దుంగల మీద నెమ్మదిగా పెట్టారు. చక్రం కింద రాయి కూడా పెట్టారు.

"ఏం వెతుకుతున్నావ్, బంగారమా?" అన్నాడు సార్జెంట్ ట్విగ్. నిన్ననే కాల్‌గూర్లీ పోలీసు స్టేషను నుంచి వచ్చాడు. వచ్చిన గంటలో హంతకుణ్ణి పట్టేశాడు కాబట్టి ఇప్పుడతనికి తొందర ఎక్కువైంది. "బంగారం మావైపు దొరుకుతుంది. ఇక్కడ సున్నపురాయీ, ఈగలూ."

"మనిషిని చంపినవాడు బండికి రాయి అడ్డం పెట్టాడు, చూశావా?"

"చూశాను. మర్యాదస్తుడు. అయితే?"

"గాలికి దొర్లి మళ్ళీ పట్టాల మీద పడకూడదని, వచ్చే రైలుకు తగలకూడదని పెట్టాడు. వీడు లైను మనిషి."

"నేను పట్టుకున్నవాడూ లైను మనిషే కదయ్యా! వాడి సుత్తే, వాడి సుత్తి మీదే రక్తం. ఇంకేం కావాలి నీకు, ఫోటోనా?"

హార్కిన్ వంగి కంకర చూశాడు. రెండు రోజుల కిందట ఈ కంకర మీదే అంబ్రోస్ కీల్ శవం దొరికింది. ఫిన్లే సైడింగ్‌లో లైను బాగుచేసే గ్యాంగుకు మేస్త్రీ అతను. తల వెనక ఒకటే దెబ్బ. పక్కనే ఒక గుంజ పాతి ఉంది. గుంజకు తూర్పున లైను బాగు ఫిన్లే గ్యాంగుది, పడమట హాలిస్ గ్యాంగుది. రెండు గ్యాంగులూ ఇక్కడిదాకా వచ్చి వెనుదిరుగుతాయి కనక, ట్రాలీ దించుకోవడానికి పట్టాలకు రెండు పక్కలా స్లీపర్లు వేసి ఉంచారు.

ఎటు చూసినా చెట్టు లేదు. మూడు వందల మైళ్ళు ఒక్క వంపు లేకుండా పోతుంది లైను. చుట్టు తిరగడానికి ఒక గుట్టయినా లేనిచోట ఇంజనీరు మాత్రం వంపు ఎక్కణ్ణుంచి తెస్తాడు? కాగితం మీద స్కేలు పెట్టి గీత గీశాడు. ఆ గీత మీద బతకమని మనుషుల్ని దించారు.

వాళ్ళను ఇక్కడికి తీసుకొచ్చిన స్టాన్ వికరీ తన ట్రాలీ మీంచి దిగలేదు. హాలిస్ గ్యాంగు మేస్త్రీ అతను. కీల్ పోయాక ఫిన్లే పని కూడా చూడమని తంతి వస్తే వచ్చి ఉంటున్నాడు. మాట తక్కువ మనిషి. ఎండకు మొహం చెప్పు తోలులా అయిపోయింది.

"లైను వేసినప్పుడు నువ్వు ఏ వైపు?" హార్కిన్ అడిగాడు.

"పడమటి గ్యాంగు. నువ్వు?"

"తూర్పు. నీళ్ళు మోసే కుర్రాణ్ణి."

"రెండు గ్యాంగులూ కలిసిన రోజున ఉన్నావా అయితే?"

"ఉన్నాను."

"బీరంతా మీవాళ్ళే తాగేశారు," అన్నాడు వికరీ. కళ్ళ చుట్టూ మాత్రం చిన్న నవ్వు కదిలి, వెంటనే ఆరిపోయింది.

ముగ్గురూ కీల్ ట్రాలీని పట్టాల మీదికెక్కించి, వికరీ బండితో దాన్ని ముందుకు తోసుకుంటూ ఫిన్లేకి బయల్దేరారు.

ఫిన్లేలో సరుకుల రైలు పక్క లైను మీద ఆగి ఉంది. వారానికోసారి వచ్చే దుకాణం అది. మాంసం పెట్టె ముందు, కూరగాయల పెట్టె ముందు క్యాంపు ఆడవాళ్ళు నిలబడి మాట్లాడుకుంటున్నారు. ఉన్నది ఒకటే లైను. పడమటి నుంచి వచ్చే ఎక్స్‌ప్రెస్ దాటిపోయేదాకా సరుకుల రైలు కదలడానికి వీల్లేదు. అది దాటగానే కదులుతుంది. దాని గార్డు పెట్టెలో ట్విగ్ పట్టుకున్న మనిషి కాల్‌గూర్లీకి వెళతాడు. అక్కణ్ణుంచి ఫ్రీమాంటిల్‌కి. ఫ్రీమాంటిల్ జైల్లో ఉరికొయ్య ఉంది.

అంటే హార్కిన్‌కి ఉన్న గడువు ఎక్స్‌ప్రెస్ వచ్చేదాకానే.

ఆ మనిషి పనిముట్ల గదిలో, నేల మీద కూర్చుని ఉన్నాడు. పేరు ఆర్విడ్. లాత్వియా వాడు. యుద్ధంలో దేశం పోయి, శిబిరాల్లో పడి ఉండి, రెండేళ్ళు చెప్పిన చోట పని చేస్తానని సంతకం పెట్టి ఓడెక్కాడు. ఈ దేశం వాడికి చూపించిన చోటు ఇది. చేతులకు బేడీలు. ఎదురుగా టిన్ను పళ్ళెంలో చల్లారిన మాంసం, ఈగలు.

"ఆ రోజు కీల్‌తో వెళ్ళింది నువ్వేగా?"

"నేనే సార్. సగం దారిలో దింపేశాడు. బోల్టులు బిగించమన్నాడు. హాలిస్ దాకా పోయి పట్టాలెత్తే జాకీ అడిగి తెస్తానని ఒక్కడే వెళ్ళాడు."

"నీ సుత్తి?"

"బండిలో ఉండిపోయింది. నా దగ్గర స్పానరే ఉంది."

"నువ్వు అక్కడే ఉన్నావని చెప్పేవాళ్ళు?"

"ఇక్కడ ఎవరుంటారు సార్? ఒక గద్ద ఉంది. పిలుస్తారా సాక్ష్యానికి?"

"చంపేస్తానన్నావట, భోజనాల గదిలో."

"అన్నాను. మా అమ్మ ఉత్తరం కోసం ప్రతి రైలుకీ ఎదురుచూస్తుంటే నవ్వేవాడు. లేని దేశం నుంచి ఉత్తరం ఎలా వస్తుందిరా అనేవాడు. అందరి మీదా నవ్వేవాడు. చంపేస్తానన్నాను. మర్నాడు వాడితోనే టీ తాగాను."

"సాయంత్రం?"

"రాలేదు. నడిచి వెళ్ళాను. గుంజ దగ్గర పడి ఉన్నాడు." గొంతు తగ్గించాడు. "సార్, రైలెప్పుడు వస్తుంది?"

హార్కిన్ లేచాడు. బయట ట్విగ్ మాంసం కొట్టేవాడితో గుర్రప్పందాల కబుర్లు చెబుతున్నాడు.

"సార్జెంటూ, నీ ఖైదీని కాసేపు విప్పు. ట్రాలీ ఎత్తాలి."

"కూలీలు దొరక్క ఖైదీల్ని అడుగుతున్నావా? మీ రైల్వే ఇంత దిగజారిందా?"

"నువ్వూ వచ్చి చూడు. ఖర్చేం లేదు."

ట్విగ్ నవ్వుతూనే తాళం తీశాడు. కీల్ ట్రాలీ మెయిన్ లైను మీదే ఉంది. తూర్పు కొసన ఆర్విడ్‌నీ, నుంజియో అనే ముసలి ఇటాలియన్‌నీ నిలబెట్టాడు హార్కిన్. నుంజియోది ఫిన్లే గ్యాంగే. పడమటి కొస వికరీకి ఇచ్చాడు.

"బరువు చూద్దామని. చెప్పినప్పుడు ఎత్తండి," అని చెప్పి పక్కకు తిరిగి, సిగరెట్టు చుట్టుకుని, అగ్గిపుల్ల గీసి, ఉన్నట్టుండి గొంతు చించుకుని అరిచాడు. "రైలు! దించండి!"

ముగ్గురూ ఒక్కసారే ఎత్తారు. ఆర్విడ్, నుంజియో దక్షిణానికి లాగారు. వికరీ ఉత్తరానికి లాగాడు. ట్రాలీ గిర్రున తిరిగి, పట్టాలకు అడ్డంగా పడి ఇరుక్కుపోయింది.

"ఏయ్, ఎటు లాగుతున్నావయ్యా?" నుంజియో చెయ్యి నలిగి గంతులేశాడు. "ఇళ్ళు ఇటు! బండి ఇటు! తాగొచ్చావా పొద్దున్నే?"

వికరీ తన చేతుల్ని చూసుకున్నాడు. ఎవరి చేతులో అన్నట్టు చూసుకున్నాడు.

రైలూ లేదు, ఏమీ లేదు. హార్కిన్ సిగరెట్టు వెలిగించుకున్నాడు.

"ఫిన్లేలో ఇళ్ళు, ట్రాలీ షెడ్డు అన్నీ దక్షిణం పక్క," అన్నాడు ట్విగ్‌తో నెమ్మదిగా. "ఈ గ్యాంగువాడు ఏళ్ళ తరబడి పొద్దున ఇటునుంచే ఎక్కిస్తాడు, సాయంత్రం ఇటే దించుతాడు. ఆలోచించడు. చేతులు వాటంతటవే పోతాయి. హాలిస్‌లో ఇళ్ళన్నీ ఉత్తరం పక్క. కీల్ బండి ఎటు దించి ఉంది?"

ట్విగ్ నవ్వు సగంలో ఆగింది. తర్వాత మళ్ళీ మొదలైంది.

"ఇదా? ఇందుకా నన్ను ఎండలో నిలబెట్టావ్? జడ్జిగారి ముందు నిలబడి, అయ్యా, ఈ హంతకుడు ఎడమచేతి వాటం, ఆ బండి ఉత్తరం వాటం అని చెప్పమంటావా? కోర్టంతా పడీపడీ నవ్వుతుంది. నా దగ్గర సుత్తి ఉంది, రక్తం ఉంది, తగాదా ఉంది. ఎక్స్‌ప్రెస్ పోగానే వీణ్ణి ఎక్కిస్తున్నాను. పదరా."

"నీకు మనిషి కావాలి. ఎవడైనా సరే."

"నాకు ఇంటికి పోవాలి," అన్నాడు ట్విగ్. "నాకు ఇల్లుంది మరి."

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. హార్కిన్ పైకి కనపడనివ్వలేదు.

అతను టెలిఫోను గదిలోకి వెళ్ళి హాలిస్‌కి ఫోను తిప్పాడు. మేస్త్రీ ఇక్కడున్నా ముగ్గురు పనివాళ్ళు అక్కడుండాలి. గంట మోగుతూనే ఉంది. మళ్ళీ తిప్పాడు. చెట్టు లేని, నీళ్ళు లేని ఆ బయల్లో ఎక్కడో ఒక గదిలో ఆ గంట మోగుతుంటే వినేవాడు లేడని మెల్లగా అర్థమైంది. తన అద్దె గదికి ఎవరైనా ఫోను చేసినా ఇలాగే మోగుతుంది. ఎవరూ చెయ్యరు కాబట్టి సరిపోయింది.

వాకిట్లో నీడ పడింది. వికరీ.

"ఎవరూ ఎత్తరు," అన్నాడు.

"మీవాళ్ళు లైను మీదికి పోయారేమో."

"అయ్యుండచ్చు."

"మంచిది. ఈ వారంలో ఇవాళే ఎండ ఎక్కువ. ఎక్స్‌ప్రెస్ నీ లైను మీంచే రావాలి. నీ మనుషులు పొద్దున్నే తిరిగి చూసుకున్నారని ఒక్క మాట చెప్పు. ట్రాలీ సంగతి వదిలేస్తాను. ఆ లాత్వియా కుర్రాడి మెడ వాడి ఖర్మ. నేనూ ఇంటికి పోతాను."

వికరీ నోరు తెరిచాడు. మనిషిని చంపి రెండు రోజులు మామూలుగా టీ తాగినవాడు, లైను బాగుందని ఒక్క అబద్ధం ఆడలేకపోయాడు.

"ఎవరూ లేరు హార్కిన్," అన్నాడు చివరికి. గుమ్మంలోనే కూలబడ్డాడు. "క్రిస్మస్‌కి వెళ్ళారు ముగ్గురూ. తిరిగి రాలేదు."

"నువ్వు చెప్పలేదా?"

"చెబితే? కొత్తవాళ్ళను పంపుతారనుకున్నావా? కిందటేడు డీజిలు ఇంజన్లు వచ్చాయి. ఈ బోరు నీళ్ళు తాగి ఆవిరి ఇంజన్ల బాయిలర్లు చచ్చేవి, నిజమే. కానీ ఆ నీళ్ళ కోసమే ప్రతి రైలూ ఆగేది. ఆగితే మనిషి మొహం కనపడేది. ఇప్పుడెవడూ ఆగడు. పడమట రెండు క్యాంపులు మూసేశారు. ఇళ్ళు విప్పి రేకులు పట్టుకుపోయారు. హాలిస్ కూడా తీసేస్తారని నలుగురం ఉన్నట్టే నడిపాను. నలుగురికీ మాంసం తీసుకున్నాను. పొద్దుగూకితే నాలుగిళ్ళలోనూ దీపం పెట్టేవాణ్ణి."

"మాంసం ఏం చేసేవాడివి?"

"పూడ్చేవాణ్ణి."

బయట ఎవరో ఆడమనిషి పకపకా నవ్వింది. సరుకుల రైలు వచ్చిన రోజు అలాగే ఉంటుంది.

"కీల్ జాకీ కోసం వచ్చాడు," వికరీ నేలకేసి చూస్తూ చెప్పాడు. "ఇళ్ళల్లోకి తొంగి చూశాడు. పరుపులు చుట్టేసి, దీపాలు తుడిచి పెట్టి ఉన్నాయి. అర్థమైపోయింది. ఎవరికీ చెప్పొద్దని బతిమాలుతూ గుంజ దాకా వాడి బండిలోనే వచ్చాను. అక్కడ దిగి నవ్వడం మొదలెట్టాడు. దీపాలేంట్రా, దయ్యాలకా అని. వంగి, మోకాళ్ళు పట్టుకుని నవ్వాడయ్యా. సుత్తి చేతి కిందే ఉంది."

"తర్వాత బండి దించావు."

"రైలు వచ్చే వేళ. దించాలి కదా."

"నీ లైను మీద ఏముంది, స్టాన్? ఏం చూసి భయపడుతున్నావు?"

"గుంజ దాటిన తర్వాత, తెల్ల రాళ్ళ కుప్ప దగ్గర. ఎండకు పట్టా సాగుతుంది, సాగడానికి కీళ్ళ దగ్గర సందులుంటాయి, నీకు తెలియంది కాదు. అక్కడ పట్టాలు జరిగి జరిగి సందులు మూసుకుపోయాయి. వెనక్కి లాగాలంటే నలుగురు కావాలి. ఒక్కణ్ణే ఏం చెయ్యను? రోజూ మధ్యాహ్నం అక్కడే జెండా పెట్టుకుని కూర్చునేవాణ్ణి. మెలిక పడితే రైలు ఆపుదామని. నన్ను ఇక్కడికి పిలిచాక ఎవరూ లేరు. నిన్న బతికిపోయింది. ఇవాళ..." తలెత్తాడు. "ఇవాళ ఇనుము ముట్టుకున్నావా నువ్వు?"

హార్కిన్ అప్పటికే ఫోను చక్రం తిప్పుతున్నాడు. రైళ్ళు నడిపే కంట్రోలు ఆఫీసు పలికింది. ఎక్స్‌ప్రెస్‌ను ఆపమని అరిచాడు. అవతలి గొంతు తీరిగ్గా, మనుషులున్న ఆఖరి స్టేషను ఇందాకే దాటిపోయిందండీ అంది. ఇంజనుకు ఫోను లేదు. ఎదురెళ్ళి జెండా చూపడం తప్ప దారి లేదు.

అతను వెనక్కి తిరిగేసరికి గుమ్మం ఖాళీగా ఉంది. బయట ట్రాలీ ఇంజను అందుకున్న చప్పుడు.

పరుగెత్తాడు. వికరీ తన బండి మీద అప్పుడే పక్క లైను కలిసే పాయింట్లు దాటిపోయాడు. వెనుదిరిగి చూడలేదు.

"ట్విగ్! అతనే చంపాడు. ఇప్పుడే చెప్పాడు నాకు. ఎక్స్‌ప్రెస్‌కి ఎదురు పోతున్నాడు."

ఆర్విడ్‌కి మళ్ళీ బేడీలేసి గార్డు పెట్టెలో కూర్చోబెట్టి, దాని మెట్టు మీద కూర్చున్న ట్విగ్ లేవలేదు. "నీకు చెప్పాడా? నాకు చెప్పలేదే."

"అతను రైలు కింద పడితే ఇంకెవరికీ చెప్పడు!"

"అదీ నిజమే," అన్నాడు ట్విగ్. "అప్పుడు నా దగ్గర ఉన్నవాడే మిగులుతాడు."

నుంజియో కీల్ బండిని దారికి తెచ్చి, ఇంజను తిప్పుతున్నాడు. అది దగ్గుతోంది, ఆగిపోతోంది. పెట్టె లోపల్నుంచి ఆర్విడ్ గొంతు వినిపించింది. "అలా కాదు సార్. దాన్ని నేనే నడుపుతాను రోజూ. నాకు తెలుసు."

హార్కిన్ ట్విగ్ మొహంలో మొహం పెట్టాడు. "అటు పట్టాలు మెలిక పడి ఉన్నాయి. ఆ రైలు నిండా జనం. రేపు విచారణలో నిన్ను ఒకటే అడుగుతారు. ఆ వేళ తాళంచెవి ఎక్కడుంది సార్జెంట్ అని. జేబులో ఉంది అని చెబుతావా?"

ట్విగ్ మొహంలో రంగు మారింది. తాళంచెవి తీసి విసిరేశాడు, తన చేత్తో విప్పినట్టు కాకూడదని.

ఆర్విడ్ చెయ్యి పడగానే ఇంజను అందుకుంది. ఇద్దరూ ఎక్కారు. గుంజ వచ్చింది, పోయింది. ఎదర గాలి అంతా నీళ్ళలా కదులుతోంది. వికరీ బండి ఒక నల్ల చుక్కలా, పట్టాల మీద కాకుండా వాటి పైన తేలుతున్నట్టుంది.

"జెండా చూడు!" హార్కిన్ అరిచాడు.

ఆర్విడ్ బండి పెట్టె తెరిచాడు. స్పానర్లు, నూనె గుడ్డలు. "లేదు సార్. పోలీసాయన సాక్ష్యానికని సుత్తితో పాటు జెండా కూడా తీసుకున్నాడు."

ఇంకొంత దూరం పోయాక ఆర్విడ్ ఒక్కసారిగా బ్రేకు లాగాడు. చక్రాలు కీచుమన్నాయి.

తెల్ల రాళ్ళ కుప్ప. దాని పక్కన, ఇంజనీరు స్కేలు పెట్టి గీసిన గీత ఎవరో మోచెయ్యి తగిలించి చెరిపినట్టు పక్కకు పోయింది. రెండు పట్టాలూ స్లీపర్లతో సహా కంకర చీల్చుకుని మెలిక తిరిగాయి. వికరీ తన ట్రాలీని మెలికకు ఇవతలే దించేశాడు. అంత తొందరలోనూ దించే వెళ్ళాడు.

అతను మాత్రం మెలిక దాటి నడిచిపోయాడు. బాగా దూరంలో, వాళ్ళకు వీపు పెట్టి, పట్టా మీద కూర్చుని ఉన్నాడు. పక్కన కర్రకు చుట్టిన ఎర్రగుడ్డ నేల మీద ఉంది.

అతనికి అవతల, ఎండమావిలో, ఎక్స్‌ప్రెస్ ఇంజను తలకిందులుగా గాలిలో వేలాడుతోంది. అది దగ్గరో, దూరమో ఆ బయల్లో ఎవరూ చెప్పలేరు. చప్పుడైతే ఇంకా లేదు.

"స్టాన్!" హార్కిన్ అరిచాడు. "ఎత్తు! జెండా ఎత్తు!"

గోడ లేదు, కొండ లేదు. అరుపు తిరిగి రాలేదు. వికరీ కదల్లేదు. సాయంత్రం పూట ఇంటి ముందు కూర్చుని, వచ్చే చుట్టం కోసం చూస్తున్నవాడిలా ఉన్నాడు.

వచ్చే రైలు అదురుకు పట్టా కొద్దిగా పాడటం మొదలుపెట్టింది.

హార్కిన్ పక్కకు చూశాడు. ఆర్విడ్ లేడు. అప్పటికే మెలిక దూకి, స్లీపర్ల మీద పరుగెడుతున్నాడు. రైల్లోని జనం కోసమో, తన మెడ కోసమో, బహుశా ఆ క్షణాన వాడికే తెలియదు. ముందు ఆ గుడ్డ అందుకోవాలి, తర్వాత ఆ మనిషిని పట్టాల మీంచి లాగాలి. రెండింటికీ వేళ ఉందో లేదో.

వాడి అడుగుల చప్పుడు విని వికరీ మొదటిసారి తల తిప్పాడు. ఎర్రగుడ్డ చేతిలోకి తీసుకున్నాడు. తీసుకుని, రైలు వైపు ఎత్తలేదు. మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు, ఈసారి జెండాకు కాదు, తనను చూసి రైలు ఆగాలన్నట్టు.